ఆమె శుక్రవారాన్ని ఆమెకు వదలండి



అపోస్తలుల కార్యములు 17వ అధ్యాయం మీకు తెలిసినదే. పునీత పౌలు ఏథెన్సు నగరంలో అరియోపాగు సభ ఎదుట చేసిన ప్రసంగాన్ని గుడిలో ఎన్నోసార్లు విన్నారు. ఆ ప్రసంగానికి ముందు జరిగిన చిన్న సంగతిని మాత్రం మనం త్వరగా దాటిపోతుంటాం. పౌలు ఏథెన్సుకు ముందుగా అనుకొని వెళ్ళలేదు. థెస్సలోనికలోనూ, బెరయాలోనూ గొడవలు లేచినందువల్ల విశ్వాసులు ఆయనను తప్పించి, ఏథెన్సు దాకా వెంట వచ్చి దిగబెట్టి వెళ్ళారు. సీలాసు, తిమోతి వెనుక రావలసి ఉంది. వారు వచ్చేదాకా ఆయనకు కొన్ని రోజులు ఖాళీ దొరికింది. పరాయి ఊరు, తోడు లేని మనిషి.

అప్పుడాయన ఏం చేశారు? తలుపు మూసుకొని పడుకోలేదు. ఊరంతా తిరిగారు. వీధులు, విగ్రహాలు, బలిపీఠాలు ఒక్కొక్కటీ శ్రద్ధగా చూశారు. ప్రార్థనామందిరంలో యూదులతోనూ, సంతవీధిలో ఎదురుపడిన వారితోనూ మాట్లాడారు. అలా తిరిగినందువల్లనే, ఎవరో తెలియని ఒక దేవునికి అక్కడివారు కట్టిన బలిపీఠం ఆయన కంటబడింది. ఆ బలిపీఠం నుండే ఆయన ప్రసంగం మొదలయింది. దియొనీసియు, దమారి అనే స్త్రీ, మరికొందరు ఆనాడు విశ్వసించారు. పౌలు ఊరు చూడకపోయి ఉంటే ఆ ప్రసంగం అలా మొదలయ్యేది కాదు.

పని మీద పరాయి దేశం పోయిన మనిషి, తనకు దొరికిన ఖాళీ రోజున ఊరు చూడడం తప్పా? ఈ ప్రశ్న మనకెందుకు అంటారేమో. మన ఇళ్ళల్లో ప్రతి వారం ఫోనులో నలుగుతున్న ప్రశ్న ఇదే.

రాజంపేట, రాయచోటి, కోడూరు, బద్వేలు వైపు పల్లెల్లో కువైట్‌కు మనిషిని పంపని వీధి అరుదు. 1973లో చమురు ధరలు పెరిగిన తర్వాత గల్ఫ్ దేశాలకు ప్రయాణాలు జోరందుకున్నాయి. కడప మేత్రాసనం 1976లో ఏర్పడింది. అంటే మన మేత్రాసనానికీ, మనవారి కువైట్ ప్రయాణానికీ దాదాపు ఒకటే ఈడు. బోర్లు ఎండి, వేరుశనగ చేతికి రాక, అప్పు పెరిగి, తల్లులు బిడ్డలను అవ్వల దగ్గర వదిలి విమానం ఎక్కారు. మన గుడికి కొత్త గంట వచ్చినా, పిల్ల ఇంజనీరింగ్ చదివినా, మట్టి మిద్దె పోయి స్లాబు పడినా, అందులో ఆ తల్లుల చెమట ఉంది.

వారికి సెలవు శుక్రవారం. ఆదివారం అక్కడ పనిదినం. కాబట్టి గల్ఫ్ ప్రాంతపు పీఠాలలో ఆదివారపు దివ్యబలిపూజను శుక్రవారం, శనివారం కూడా జరుపుకోవడానికి తిరుసభ వీలు కల్పించింది. కువైట్ నగరంలోని పరిశుద్ధ కుటుంబ దేవాలయం 1961లో అభిషేకం పొందింది. అహ్మదీలో చమురు కంపెనీ కాలనీలో కట్టిన అరేబియా మాత దేవాలయం ఉంది. శుక్రవారం వచ్చిందంటే ఈ గుళ్ళలో తెల్లవారింది మొదలు రాత్రి వరకు ఎన్నో భాషలవారు ఒకరి వెనుక ఒకరు వస్తూనే ఉంటారు. పూజ ముగిశాక మనవారు మాలియా వైపు నడుస్తారు. అక్కడ మన తెలుగు వినబడుతుంది. ఊరి కబురు తెలుస్తుంది. ఒకరి బిడ్డ పెళ్ళి ఫోటో పదిమంది చూస్తారు. తర్వాత కొందరు ముబారకియా బజారుకు, కొందరు సముద్రపు ఒడ్డుకు పోతారు. సాయంత్రానికి మళ్ళీ సేఠు ఇల్లు, మళ్ళీ వంటగది.

ఈ కాస్త తిరుగుడు మీద ఇక్కడ జరిగే మాటలు వినండి. "శుక్రవారం పొద్దు ఊరికే యాడ తిరుగుతాండావు? ఇంకో ఇంట్లో పని చేసుకుంటే నాలుగు దినార్లు వస్తాయి గదా!" అంటాడు భర్త. "సముద్రం చూసేదానికి పోయినావా? నీకిప్పుడు సముద్రంతో ఏం పని?" అంటుంది అత్త. ఆడది ఒంటరిగా ఊరు చూసిందంటే ఆమె నడవడి మీద మాట వేసేవారూ ఉన్నారు. ఆ మాటలు పడలేక కొందరు ఆడబిడ్డలు శుక్రవారం బయటికి పోవడమే మానుకున్నారు. పూజకు పోవడం కూడా దానితోపాటే పోయింది.

సోదరులారా, దీన్ని రెండు విధాల ఆలోచించండి. మొదటిది లోకజ్ఞానం. ఇంటిపని వీసా మీద పోయిన మనిషి తన సేఠు ఇంట్లో తప్ప వేరే చోట పనిచేయడం అక్కడి చట్టానికి విరుద్ధం. పట్టుబడితే అకామా పోతుంది, తిరుగు విమానం ఎక్కిస్తారు. నాలుగు దినార్ల ఆశతో మీరు ఆమెను ఆ ప్రమాదంలోకి తోస్తున్నారు.

రెండవది దైవాజ్ఞ. మూడవ ఆజ్ఞ మనకు చిన్నప్పుడే ఉపదేశిగారు నేర్పించారు. అయితే ఆ ఆజ్ఞ పరిశుద్ధ గ్రంథంలో రెండు చోట్ల ఉంది. నిర్గమ కాండం 20వ అధ్యాయంలో విశ్రాంతికి చెప్పిన కారణం సృష్టి: దేవుడు ఆరు రోజులు పనిచేసి ఏడవ రోజున విశ్రమించాడు గనుక నీవూ విశ్రమించు. ద్వితీయోపదేశ కాండం 5వ అధ్యాయంలో చెప్పిన కారణం వేరు. నీవు ఒకనాడు ఐగుప్తులో బానిసవు, దేవుడు నిన్ను విడిపించాడు, ఆ సంగతి మరువకు. నీవు ఎలా విశ్రమిస్తావో నీ దాసుడూ నీ దాసీ అలాగే విశ్రమించాలి. గమనించండి. యజమానికి విశ్రాంతి చెప్పి ఊరుకోలేదు. ఇంట్లో పనిచేసే దాసిని ప్రత్యేకంగా పేర్కొన్నాడు దేవుడు. మూడు వేల ఏండ్ల నాటి మాట మన కువైట్ ఆడబిడ్డ కోసం రాసినట్టే ఉంది.

ఈ రెండు కారణాలను కలిపి చూస్తే ఒక సత్యం తెలుస్తుంది. విశ్రాంతి దినం రేపటి పనికి ఒళ్ళు సిద్ధం చేసుకోవడానికి మాత్రమే ఇచ్చినది కాదు. కాడెద్దుకు గడ్డి వేసి కట్టేసేది రేపు మళ్ళీ దున్నడానికి. మనిషి విశ్రాంతి అలాంటిది కాదు. తాను ఎవరి బానిసా కాదని, దేవుని పోలికలో పుట్టిన బిడ్డనని వారానికొకసారి తనకు తాను గుర్తు చేసుకొనే రోజు అది. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్, మనిషి తీరికను పొందడానికే పనిచేస్తాడు గాని పని కోసమే తీరిక తీసుకోడని బోధించాడు. గ్రీకు భాషలో తీరికకు 'స్ఖోలే' అని పేరు. మనం రోజూ అనే 'స్కూలు' ఆ మాట నుండే పుట్టింది. తీరిక దొరికిన మనిషి చూస్తాడు, అడుగుతాడు, నేర్చుకుంటాడు అని దాని భావం. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీ శిథిలాల మధ్య ఇళ్ళు తిరిగి కట్టుకుంటున్న రోజుల్లో జోసెఫ్ పీపర్ అనే కథోలిక తాత్త్వికుడు ఈ సంగతినే ఒక పుస్తకంగా రాశాడు. పని తప్ప వేరేది తెలియని మనిషికి ఆరాధన కూడా తెలియకుండా పోతుందని ఆయన హెచ్చరించాడు.

తిరుసభ ఈ మాటను ఊరికే వదల్లేదు. 1891లో 13వ లియో పోపుగారు కార్మికుల గురించి రాసిన విశ్వలేఖలో వారపు విశ్రాంతిని కార్మికుని హక్కుగా చెప్పారు. దానిని కాదనే ఒప్పందం చేసుకునే అధికారం ఎవరికీ లేదన్నారు. 1998లో రెండవ జాన్ పాల్ పోపుగారు ప్రభువు దినం గురించే ప్రత్యేకంగా ఒక లేఖ రాశారు. 2025లో ఎన్నికైన పోపుగారు 14వ లియో అనే పేరు తీసుకున్నారంటే, ఆ 1891 నాటి లేఖను తలచుకొనే తీసుకున్నారు.

ఇప్పుడు ఆ ఖాళీ రోజున ఏం చూడాలి, ఎలా చూడాలి అనేది చెబుతాను. గల్ఫ్‌లో ఉన్న మీ వారికి ఈ పేజీ ఫోటో తీసి పంపండి.

మొదట బలిపూజ. ఊరు చూడడానికి ముందు దేవుని ముఖం చూడండి. తర్వాత కళ్ళు తెరిచి నడవండి. కువైట్ నగరంలో సముద్రం ఒడ్డున మూడు గోపురాలు ఉన్నాయి. 1979లో ప్రజల కోసం తెరిచారు. పెద్ద గోపురం ఎత్తు 187 మీటర్లు. చూసేవారు వాటిని అందం కోసం కట్టారనుకుంటారు. వాటిలో రెండింటి గోళాలలో మంచినీళ్ళు నిలవ చేస్తారు. మూడవది వాటి మీద వెలుగు వేయడానికి. ఆ దేశంలో ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. చమురు రాకముందు తాగేనీళ్ళను ఇరాక్ వైపు షట్ అల్ అరబ్ నది నుండి పడవలలో తెచ్చుకొనేవారు. 1950ల నుండి సముద్రపు ఉప్పునీటిని శుద్ధిచేసి తాగుతున్నారు.

రాయలసీమ ఆడబిడ్డకు ఇంతకంటే దగ్గరి సంగతి ఏముంది? బిందె నెత్తిన పెట్టుకొని మైలు దూరం నడిచినామె, కె.సి. కాలువకు ఎప్పుడు నీళ్ళు వదులుతారా అని ఎదురుచూసిన ఇంటినుండి పోయినామె, ఆ గోపురం కింద నిలబడి, వీరు కూడా నీళ్ళకు అల్లాడినవారేనని తెలుసుకుంటే, సేఠు ఇల్లు ఆమెకు కాస్త వేరుగా కనబడుతుంది. చమురు బయటి దేశాలకు పోవడం 1946లో మొదలయింది. అంతకుముందు వారి తాతలు ముత్యాల కోసం సముద్రంలో మునిగినవారు, పడవలు కట్టడానికి మన మలబారు టేకు కోసం వచ్చినవారు. వారి బజారులో 1961 వరకు చెల్లినది రూపాయే. వారు ఒకప్పుడు మన రేవులకు బతకడానికి వచ్చారు, ఈరోజు మనం వారి రేవుకు పోయాం. ఇది తెలిసిన మనిషి ఎవరి ముందూ కుంగిపోదు, ఎవరినీ చిన్నచూపు చూడదు.

పౌలు చూపు అలాంటిదే. ఏథెన్సులో విగ్రహాలు చూసి ఆయన మనసు నొచ్చుకుంది. అయినా సభలో నిలబడినప్పుడు వారిని దూషించలేదు. వారి భక్తిని గుర్తించి మాట్లాడారు. మసీదు నుండి ప్రార్థన పిలుపు వినబడినప్పుడు మనవారు నేర్చుకోవలసిన మర్యాద అదే. 2019 ఫిబ్రవరిలో ఫ్రాన్సిస్ పోపుగారు అబుదాబి వెళ్ళినప్పుడు అల్ అజ్హర్ పెద్ద ఇమాముతో కలిసి సోదరభావం గురించిన పత్రం మీద సంతకం చేశారు. మరునాడు క్రీడామైదానంలో పూజ చేస్తే లక్షమందికి పైగా వచ్చారు. వారిలో ఎక్కువమంది మనలాగే బతకడానికి పోయినవారు.

సెలవు దినానికి ఆపదలూ ఉన్నాయి. దొంగసారా, పేకాట, వడ్డీ వ్యాపారం, తీయని మాటలతో దగ్గరయ్యే మోసగాళ్ళు శుక్రవారమే కాచుకొని ఉంటారు. కాబట్టి ఒంటరిగా కాక ఇద్దరు ముగ్గురు కలిసి పోండి. అడగకుండా ఇతరుల ఫోటోలు తీయవద్దు. చెప్పిన వేళకు తిరిగి చేరండి. ఇవి విశ్వాసం ఉన్న మనిషి తనకు తాను పెట్టుకునే కట్టుబాట్లు. కొందరు చెడిపోయారని అందరి సెలవునూ లాగేసుకుంటామా? సంతలో దొంగ ఉన్నాడని సంత మానుకుంటామా?

అసలు సెలవే దొరకనివారి మాటేమిటి? కువైట్‌లో 2015లో ఇంటిపనివారి కోసం 68వ నంబరు చట్టం చేశారు. వారానికొక రోజు జీతంతో సెలవు, రోజుకు పన్నెండు గంటలకు మించని పని, ఏడాదికి జీతంతో కూడిన సెలవు అందులో ఉన్నాయి. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని కూడా ఉంది. చట్టం ఉన్నంత మాత్రాన ప్రతి ఇంట్లో అమలు జరగదు. గేటు దాటనివ్వని ఇళ్ళు ఉన్నాయి. అక్కడ ఉన్న మన ఆడబిడ్డకు ఆదికాండంలోని హాగారు తోబుట్టువు. హాగారు ఐగుప్తు దేశపుది, పరాయి ఇంట్లో దాసి. కష్టం పడలేక ఎడారిలోకి పారిపోతే, నీటి ఊట దగ్గర దేవదూత ఆమెను పేరుతో పిలిచాడు. దేవుడు తనను చూస్తున్నాడని ఆ దాసి చెప్పింది. ఆ బావికి ఆ పేరే నిలిచింది. గేటు లోపల ఉన్నవారిని దేవుడు చూస్తున్నాడు. మనం కూడా చూడాలి.

చూడడమంటే చేయవలసిన పనులున్నాయి. ఏజెంటు మాట మీద విజిటింగ్ వీసాతో ఎవరినీ పంపకండి. ఇంటిపనికి పోయే స్త్రీకి 30 ఏండ్లు నిండి ఉండాలని మన ప్రభుత్వ నిబంధన. వలస అనుమతి తీసుకొని, ప్రవాసి భారతీయ బీమా యోజన బీమా చేయించుకొని పోవాలి. ఒప్పంద పత్రంలో వారపు సెలవు రాసి ఉందా లేదా చదివించుకోండి. చదవడం రాకపోతే మీ విచారణ గురువు దగ్గరికి తీసుకొని రండి. అక్కడ ఇబ్బంది వస్తే భారత రాయబార కార్యాలయం ఉంది, గుడి ఉంది. ఆ రెండింటి ఫోను నంబర్లు విమానం ఎక్కకముందే ఆమె దగ్గర కాగితం మీద ఉండాలి. 2024 జూన్ 12న మంగఫ్‌లో మంటలు లేచి 45 మంది భారతీయులు చనిపోయినప్పుడు మనమంతా కన్నీళ్ళు పెట్టుకున్నాం. శవపేటిక వచ్చినప్పుడు పెట్టే కన్నీళ్ళకంటే, ప్రాణంతో ఉన్నప్పుడు అడిగే ఒక్క మంచిమాట గొప్పది.

ఇక మన ఇళ్ళకు వద్దాం. కువైట్ సేఠు మా బిడ్డకు సెలవివ్వడం లేదని బాధపడే మనం, మన ఇంట్లో అంట్లు తోమే మనిషికి వారానికొక రోజు ఇస్తున్నామా? ఆమె పండుగకు ఊరికి పోతే జీతం కోస్తున్నామా? నాపరాళ్ళ గనిలో పనిచేసే అన్నకు ఆదివారం ఉందా? ఆదోని, కోసిగి వైపు నుండి సుగ్గికని మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు పోయే కుటుంబాలకు పూజ రోజు ఏదైనా మిగులుతోందా? ద్వితీయోపదేశ కాండం గల్ఫ్ యజమానులకు మాత్రమే రాసిన గ్రంథం కాదు. మన వాకిట్లో కూడా ఒక దాసి నిలబడి ఉంది.

ఈ వారం మీకు ఒక పని చెబుతాను. శుక్రవారం కువైట్ నుండి ఫోను వచ్చినప్పుడు డబ్బు మాట మొదట ఎత్తకండి. "పూజకు పోయినావా అమ్మా? ఈ పొద్దు ఏం చూసినావు?" అని అడగండి. ఆమె సముద్రం సంగతి చెబితే వినండి. పిల్లల చేతికి ఫోను ఇచ్చి వారినీ విననివ్వండి. అమ్మ పంపిన డబ్బు అక్కడ పొలానికో, ఫీజుకో పోయి కనబడకుండా పోతుంది. అమ్మ చూసిన సముద్రం పిల్లల మనసులో నిలిచిపోతుంది. అమ్మ ఒక వంటగది మాత్రమే కాదు, లోకాన్ని చూసిన మనిషి అని వారికి తెలుస్తుంది. భర్తలకు ఒక మాట: ఆమె శుక్రవారాన్ని లెక్క అడగకండి. ఆమె మిగతా ఆరు రోజులూ మీకే ఇచ్చింది. ఆ ఒక్కటి ఆమెకు దేవుడిచ్చినది. దేవుడిచ్చినదాన్ని తీసుకోవడానికి మీకు హక్కు లేదు.

పునీత పౌలు ఏథెన్సు నుండి కొరింతుకు వెళ్ళారు. అక్కడ అక్విల, ప్రిస్కిల్ల అనే దంపతుల ఇంట్లో ఉన్నారు. వారూ రోము నుండి వెళ్ళగొట్టబడి వచ్చిన పరదేశులే. ముగ్గురూ గుడారాలు కుట్టి బతికారు. ప్రతి విశ్రాంతి దినాన పౌలు పని పక్కన పెట్టి ప్రార్థనామందిరానికి వెళ్ళేవారు. తిరుసభకు అంత సేవ చేసినవారు, పరాయి ఊళ్ళో కూలి చేసుకొని బతికినవారు, వారంలో ఒక రోజును మాత్రం కూలికి అమ్ముకోలేదు.

పరదేశంలో ఉన్న మన బిడ్డలందరినీ అరేబియా మాత తన చేతుల నీడలో కాపాడాలని, వారికి విశ్రాంతినీ మనకు వివేకాన్నీ ఇమ్మని ప్రభువును వేడుకుందాం. ఈ రాత్రి జపమాలలో ఒక పదిని, గేటు దాటలేకపోయిన ఆడబిడ్డల కోసం అర్పించండి. ఆమెన్.